దింపుకున్న మెయిల్, దాచుకున్న మెయిల్

కంప్యూటర్‌లోకి దింపుకున్న మెయిల్ రెండు రకాలు. ఒకటి సర్వర్‌లో ఉన్నదానికి నీడలాంటిది. అక్కడ చెరిగితే ఇక్కడా చెరుగుతుంది. రెండోది సర్వర్‌తో సంబంధం లేని సొంత ప్రతి. నెట్ లేనప్పుడు చదువుకోవడానికి రెండూ పనికొస్తాయి. ఖాతా చేజారిన రోజున మిగిలేది మాత్రం రెండోదే. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో పనిచేసేవారికి ఈ తేడా ఎక్కువగా ఉద్యోగం మారేటప్పుడు తెలిసొస్తుంది. కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పేరుతో పాత రిలీవింగ్ లెటర్, పే స్లిప్పులు, ఫామ్ 16 అడుగుతుంది. అవన్నీ ఎప్పుడో మెయిల్‌లో వచ్చినవే. ఆఫీసు ఐడీకి వచ్చి ఉంటే, ఆ తలుపు ఆఖరి పనిదినంతోనే మూసుకుపోయి ఉంటుంది.

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998లో ఈ చిక్కు ఇలా ఉండేది కాదు. అవి డయలప్ రోజులు. మోడెమ్ కలపడం, ఉత్తరాలు గబగబా దింపుకోవడం, ఫోన్ బిల్లు పెరగకముందే లైన్ తెంచేయడం, ఆ తర్వాత తీరిగ్గా చదివి జవాబులు రాయడం అప్పటి పద్ధతి. దానికి సరిగ్గా సరిపోయిన ఏర్పాటు పాప్. మామూలుగా అది ఉత్తరాన్ని కంప్యూటర్‌కు ఇచ్చి సర్వర్‌లోంచి తీసేస్తుంది. ఉన్న ఒక్క ప్రతీ ఇంట్లోనే ఉండేది; హార్డ్ డిస్క్ పాడైతే అంతా పోయేది. ఫోను, ల్యాప్‌టాప్, ఆఫీసు కంప్యూటర్ మూడింట్లోనూ ఒకే మెయిల్ కనిపించాల్సిన రోజులు రాగానే ఐమ్యాప్‌ది పైచేయి అయింది. ఇందులో అసలు ప్రతి సర్వర్‌లోనే ఉంటుంది, మిగతా చోట్ల ఉన్నవి దాని ప్రతిబింబాలు. సౌకర్యం నిజంగా పెరిగింది. కానీ ‘నా కంప్యూటర్‌లో ఉందిలే’ అన్న ధీమాకు ఆధారం పోయింది.

కంపెనీల్లో ఎక్కువగా కనిపించే ఔట్‌లుక్‌లో ఈ తేడా ఫైలు పేరులోనే ఉంది. ఓఎస్‌టీ అంటే సర్వర్‌కు నీడ. రాయదుర్గం వెళ్లే మెట్రోలో సిగ్నల్ అందకపోయినా పాత మెయిళ్లు తెరుచుకోవడం, రాసిన జవాబు ఔట్‌బాక్స్‌లో ఆగి నెట్ రాగానే వెళ్లడం దీని చలవే. అయితే ఎన్నాళ్ల మెయిల్ కంప్యూటర్‌లో ఉంచుకోవాలో సెట్టింగ్ ఒకటి ఉంటుంది. అది ఏడాది అని ఉంటే అంతకు ముందువి నెట్ లేకుండా కనిపించవు. జీమెయిల్ ఆఫ్‌లైన్‌ది ఇంకా చిన్న కిటికీ: 7, 30 లేదా 90 రోజులు. పైగా ఓఎస్‌టీ ఆ ఖాతాకే ముడిపడి ఉంటుంది. ఫైలును వేరే కంప్యూటర్‌కు కాపీ చేసి నేరుగా తెరుద్దామంటే కుదరదు. పీఎస్‌టీ అలా కాదు. ఎక్స్‌పోర్ట్ చేసిన పీఎస్‌టీని ఏ డిస్క్‌లోనైనా పెట్టుకోవచ్చు, మరో కంప్యూటర్‌లోని ఔట్‌లుక్‌లో తెరవచ్చు. దానికీ హద్దుంది. పాత తరహా పీఎస్‌టీ 2 జీబీ దగ్గర దెబ్బతినేది. ఔట్‌లుక్ 2010 నుంచి పరిమితి మామూలుగా 50 జీబీ.

సొంత మెయిల్‌కు థండర్‌బర్డ్ మంచి సాధనం. ఇది ఉచితం, తెలుగు మెయిళ్లనూ చక్కగా చూపిస్తుంది. దాని ప్రొఫైల్ ఫోల్డర్ తెరిస్తే ఇన్‌బాక్స్ పేరుతో రెండు ఫైళ్లుంటాయి. ఎంఎస్‌ఎఫ్ అని ఉన్నది విషయసూచిక. పోయినా మళ్లీ తయారవుతుంది. ఏ తోకా లేని పెద్ద ఫైలే అసలు సరుకు. వేల ఉత్తరాలు ఒకదాని వెనుక ఒకటి అందులోనే, ఎంబాక్స్ పద్ధతిలో ఉంటాయి. ఉత్తరాన్ని డిలీట్ చేసినా అందులోంచి వెంటనే పోదు, గుర్తు మాత్రమే పడుతుంది. కాంపాక్ట్ చేసినప్పుడే ఫైలు సైజు తగ్గుతుంది. ఇక్కడో ప్రమాదం ఉంది. ఒక్క మెయిల్‌లో వైరస్ అటాచ్‌మెంట్ ఉన్నా యాంటీవైరస్ మొత్తం ఇన్‌బాక్స్ ఫైలునే నిర్బంధించవచ్చు. అందుకే దాచాలనుకున్నవాటిని ఏడాదికో ఫోల్డర్ చొప్పున లోకల్ ఫోల్డర్స్‌లోకి కాపీ చేయడం మేలు. సర్వర్‌లో ఏం జరిగినా లోకల్ ఫోల్డర్స్ కదలవు. జీమెయిల్ వాడేవారికి గూగుల్ టేకౌట్ ఇచ్చేదీ ఎంబాక్స్ ఫైలే.

ఆ తర్వాతి పని చిన్నదే, కానీ చాలామంది వదిలేసేది అదే. థండర్‌బర్డ్‌ను మూసి, ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని బయటి డిస్క్‌లోకి కాపీ చేయాలి. మెయిల్ దిగుతుండగా చేసిన కాపీ సగం రాసిన పేజీలా మిగిలిపోవచ్చు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ మించిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చుకోవాలి. డిస్క్‌కు పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి, ఎందుకంటే ఆధార్, పాన్ కాపీలు ఉండేది ఆ మెయిళ్లలోనే. ఒక డిస్క్ చాలదు. అద్దె ఇంట్లో ఒకటి ఉంటే రెండోది ఊళ్లో అమ్మానాన్నల దగ్గర ఉండటం మంచిది. కాపీ అయ్యాక నెట్ ఆపేసిన మరో కంప్యూటర్‌లో దాన్ని తెరిచి, పాత మెయిల్ ఒకటి వెతికి, అటాచ్‌మెంట్ చూడాలి. అది తెరుచుకుంటేనే బ్యాకప్ అయినట్టు.

ఆఫీసు మెయిల్‌కు ఈ దారి లేదు. అది కంపెనీ సొత్తు. పీఎస్‌టీ తయారు కాకుండా చాలా సంస్థలు ముందే కట్టడి చేస్తాయి. నోటీస్ పీరియడ్‌లో పెన్‌డ్రైవ్‌లోకి మెయిళ్లు మళ్లించడం ఒప్పంద ఉల్లంఘన కిందికి రావచ్చు. ఉద్యోగి చేయదగింది ఒకటే: తనకు చెందిన పత్రాలను వ్యక్తిగత ఐడీకి పంపమని హెచ్‌ఆర్‌ను చేరిన రోజు నుంచే అడగడం.

మెయిల్ కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే ప్రింటవుట్‌తో సరిపోదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే వేలిముద్ర అది. ఫ్లాటు కొనుగోలు తగాదాలో బిల్డర్ పంపిన హామీ మెయిల్ ఉందనుకుంటే, దాన్ని ఇంకొకరికి ఫార్వర్డ్ చేసి దాచడం వల్ల అసలు హెడర్లు పోతాయి. ఆ ఒక్క మెయిల్‌ను ఈఎంఎల్ ఫైలుగా సేవ్ చేస్తే ఏ సర్వర్ నుంచి, ఏ తేదీన, ఎన్ని గంటలకు వచ్చిందో తెలిపే వరుసలన్నీ దానితోపాటే ఉంటాయి.