దిగుమతి పత్రాలలో ‘టన్ను’ అంటే ఎంత?

విదేశీ విక్రేత ఇచ్చే ఇన్వాయిస్ ఏ కొలమానంలో ఉన్నప్పటికీ, కస్టమ్స్ చట్టం, 1962లోని 46వ సెక్షన్ కింద దిగుమతిదారు దాఖలు చేసే బిల్ ఆఫ్ ఎంట్రీలో సరకు పరిమాణాన్ని కస్టమ్స్ టారిఫ్ నిర్దేశించిన ప్రమాణంలోనే చూపవలసి ఉంటుంది. సరకును బట్టి అది కిలోగ్రాము కావచ్చు, లీటరు కావచ్చు, ఘనపు మీటరు కావచ్చు. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చి, వాణిజ్యంలో 1958 అక్టోబరు 1 నుంచి దశలవారీగా అమలైంది. అయితే అమెరికా నుంచి వచ్చే పత్రాలలో పౌన్లు, గ్యాలన్లు, షార్ట్ టన్నులు నేటికీ కనిపిస్తూనే ఉన్నాయి. 2011 నుంచి సుంకాన్ని దిగుమతిదారే స్వయంగా మదింపు చేసుకునే విధానం అమలులో ఉన్నందున, ఈ మార్పిడిని సరిగా చేయవలసిన బాధ్యత కూడా ఆయనదే.

చిక్కు గణితంలో కంటే పేర్లలోనే ఎక్కువగా ఉంది. మెట్రిక్ టన్ను 1,000 కిలోలు. బ్రిటిష్ లాంగ్ టన్ను 1,016.05 కిలోలు. అమెరికా షార్ట్ టన్ను 907.18 కిలోలు మాత్రమే. తెలుగులో మూడింటినీ ‘టన్ను’ అనే రాస్తాము. పదివేల టన్నుల బొగ్గు అన్నప్పుడు అది లాంగ్ టన్నా, షార్ట్ టన్నా అన్నదానిపై 1,088 మెట్రిక్ టన్నులకు పైగా తేడా వస్తుంది. గ్యాలను విషయమూ ఇంతే. అమెరికా గ్యాలను 3.785 లీటర్లు కాగా, బ్రిటిష్ గ్యాలను 4.546 లీటర్లు. ముడి చమురు బ్యారెల్‌ను 42 అమెరికా గ్యాలన్లుగా, అంటే సుమారు 159 లీటర్లుగా లెక్కించాలి.

ఒకే పేరుతో వేర్వేరు తూకాలుండటం తెలుగువారికి కొత్త కాదు. తెలుగునాట వీశె అంటే 120 తులాలు, సుమారు 1.4 కిలోలు. మనకు మినుములు పంపే మయన్మార్‌లో దాదాపు అదే పేరుతో చెలామణిలో ఉన్న తూకం 1.63 కిలోలు.

పేరు తేలిన తర్వాత గుణకం వస్తుంది. 1959 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఒక పౌను సరిగ్గా 0.45359237 కిలో. ఒలిచిన బాదం పప్పుపై సుంకం విలువను బట్టి గాక బరువును బట్టి, 2023 సెప్టెంబరు నాటికి కిలోకు 100 రూపాయల చొప్పున ఉండేది. 44,000 పౌన్ల సరకు వచ్చిందనుకుంటే దాని బరువు 19,958.06 కిలోలు. గుణకాన్ని 0.45కు కుదిస్తే లెక్క 19,800 కిలోలకు పడిపోయి, సుంకం 15,806 రూపాయలు తగ్గుతుంది. పౌన్లను 2.2తో భాగిస్తే సరిగ్గా 20,000 కిలోలు వచ్చి, దిగుమతిదారు 4,194 రూపాయలు అదనంగా చెల్లిస్తాడు. కనుక పూర్తి గుణకంతో ఒక్కసారే మార్చి, చివరి అంకెను మాత్రమే సవరించడం సరైన పద్ధతి. పెట్టెపెట్టెకూ విడిగా సవరించి కూడితే తేడా పెరిగిపోతుంది.

బంగారం వార్తలు రాసే విలేకరులు మరికొంత జాగ్రత్త వహించవలసి ఉంటుంది. అంతర్జాతీయ ధర ట్రాయ్ ఔన్సుకు, అంటే 31.1035 గ్రాములకు ఉంటుంది. కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు మాత్రం టారిఫ్ విలువను 10 గ్రాములకు ఇన్ని డాలర్లని ప్రకటిస్తుంది. సాధారణ ఔన్సు 28.35 గ్రాములే. దానితో భాగిస్తే గ్రాము ధర దాదాపు పది శాతం ఎక్కువగా కనిపిస్తుంది.

బిల్ ఆఫ్ ఎంట్రీలోని వివరాలకు, వచ్చిన సరకుకు పొంతన లేకపోతే 111వ సెక్షన్ కింద సరకు జప్తునకు, 112వ సెక్షన్ కింద జరిమానాకు అవకాశం ఉంది. పొరపాటును గుర్తించిన దిగుమతిదారు 149వ సెక్షన్ కింద అధికారి అనుమతితో పత్రాలను సవరించుకోవచ్చు. సరకు విడుదలైన తర్వాతనైతే, విడుదల నాటికే ఉన్న లిఖిత సాక్ష్యం ఆధారంగా మాత్రమే అందుకు వీలుంటుంది. పౌన్లలో ఉన్న అసలు ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టులే అప్పుడు ఆ సాక్ష్యం.