పొద్దున్నే పికప్ స్టార్ట్ చేస్తే టకటక శబ్దం: ఆయిల్ మార్చాలా, ఇంజిన్ విప్పాలా?



మనం ఇక్కడ మామూలుగా ఘనజీవామృతం, నవధాన్యాలు, వానకు ముందే పొడి దుక్కిలో విత్తడం గురించి మాట్లాడుకుంటాం. ఈసారి బండి గురించి. చలికాలం మొదలైనప్పటి నుంచి చాలామంది ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, పొద్దున్నే పికప్ సెల్ఫ్ కొడితే ఇంజిన్ టకటకమంటోంది. కాసేపటికి తగ్గుతోంది. మందం ఆయిల్ పోయమంటున్నారు, పోయొచ్చా?" అని.

మన అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో పికప్ అనేది సోకు కోసం కొనేది కాదు. టమాటా తెల్లారేసరికి కక్కలపల్లి మార్కెట్‌కి చేరాలి. చీనీ కాయలు యార్డుకి పోవాలి. ఎరువు చేనికి తోలాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని సీమలో, ఒక్కసారి ఇంజిన్ బోరుకొస్తే బుడ్డల పంటలో మిగిలిందంతా షెడ్డుకే పోతుంది. అందుకే ఈ విషయం వివరంగా చెబుతున్నాను. శబ్దాలు ఎలా ఉంటాయో పైన వీడియోలో వినిపించాను. లెక్కలన్నీ ఇక్కడ రాశాను.

ముందు సమాధానం చెప్పేస్తాను. శబ్దం ఎంతసేపు ఉంటోంది, ఎక్కడి నుంచి వస్తోంది అని తేల్చుకోకుండా ఆయిల్ మార్చకండి. మందం ఆయిల్ పోస్తే శబ్దం అణగొచ్చు, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. ఆకు పసుపు పడగానే ఒక గుప్పెడు యూరియా చల్లితే రెండు రోజులు పచ్చగా కనిపిస్తుంది. వేరు దగ్గర ఏం జరిగిందో మనకు తెలియదు. ఇదీ అంతే.

మన చలి ఎంత?

డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని ఉంటుంది కదా. అందులో డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దాని ముందున్న అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ చలిలో బాగా పారుతుంది. వెనక ఉన్న 40 అనేది ఇంజిన్ వేడెక్కాక, 100 డిగ్రీల దగ్గర ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది.

15డబ్ల్యూ ఆయిల్‌ని సున్నాకి 20 డిగ్రీలు కింద పరీక్షిస్తారు. 20డబ్ల్యూని సున్నాకి 15 డిగ్రీలు కింద పరీక్షిస్తారు. మన దగ్గర డిసెంబరు, జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. లంబసింగి చలి కూడా ఈ ఆయిళ్ళకు లెక్కలోకి రాదు. కాబట్టి "చలికి ఆయిల్ గడ్డకట్టింది" అనే మాట మన ఊళ్ళకు వర్తించదు.

మరి పొద్దున్నే ఎందుకు శబ్దం? రెండు కారణాలు ఉన్నాయి. ఒకటి, రాత్రంతా బండి నిలబడితే పైన ఉన్న ఆయిల్ చాలావరకు చాంబర్‌లోకి దిగిపోతుంది. సెల్ఫ్ కొట్టగానే పంపు దాన్ని మళ్ళీ పైకి తోయాలి. మామూలు 15డబ్ల్యూ-40 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర 14 సెంటీస్టోక్స్ చుట్టూ చిక్కదనం ఉంటే, 40 డిగ్రీల దగ్గరే 100 దాటుతుంది. 15 డిగ్రీల దగ్గర ఇంకా చాలా చిక్కగా ఉంటుంది. పైకి చేరడానికి కొన్ని క్షణాలు పడుతుంది. రెండోది, డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. సిలిండర్ చల్లగా ఉంటే డీజిల్ కొంచెం ఆలస్యంగా, ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆ దెబ్బే మనకు 'నాకింగ్'గా వినిపిస్తుంది. మొదటిది ఆయిల్ సంగతి. రెండోది డీజిల్ మండే సంగతి. ఈ రెంటినీ కలిపేస్తేనే డబ్బులు దండగవుతాయి.

పొద్దున్నే చేయాల్సిన పరీక్ష

బండి రాత్రంతా చదును నేల మీద నిలబడి ఉండాలి. స్టార్ట్ చేయకముందే డిప్ స్టిక్ తీసి చూడండి.

ఆయిల్ తక్కువుంటే ముందు అదే రకం కలిపి సరిచేయండి. పై గీత దాటి ఉండి, డీజిల్ వాసన వస్తుంటే డీజిల్ ఆయిల్‌లో కలుస్తోందన్నమాట. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్ళు చేరుతున్నాయి. ఈ రెంటిలో ఏది కనిపించినా బండి నడపకండి, మెకానిక్‌ని పిలవండి. ఆయిల్ నల్లగా ఉందని మాత్రం భయపడొద్దు. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కూడా తొందరగానే నల్లబడుతుంది. మసిని తనలో పట్టి ఉంచడం దాని పనే.

తర్వాత తాళం తిప్పి, స్ప్రింగు గుర్తున్న పసుపు లైటు ఆరేదాకా ఆగండి. అప్పుడు సెల్ఫ్ కొట్టండి. ఎక్సలేటర్ తొక్కొద్దు. ఎర్రటి ఆయిల్ లైటు ఎన్ని సెకన్లకు ఆరిందో, శబ్దం ఎంతసేపు ఉందో, సైలెన్సర్ పొగ ఏ రంగులో ఉందో ఫోన్‌లో వీడియో తీసుకోండి. మూడు పొద్దులు తీస్తే చాలు, సగం జబ్బు తెలిసిపోతుంది.

శబ్దం ఎంతసేపు ఉంది?

రెండు మూడు సెకన్ల నుంచి ఐదు సెకన్ల వరకు, పైనుంచి 'టిక్ టిక్' అని సన్నగా వస్తే (వీడియోలో మొదటి శబ్దం), ఆయిల్ పైకి చేరడం ఆలస్యమవుతోంది. ముందు అనుమానించాల్సింది ఆయిల్ ఫిల్టర్‌ని. చాలా ఫిల్టర్ల లోపల ఒక రబ్బరు వాల్వు ఉంటుంది. ఇంజిన్ ఆపాక ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి దిగిపోకుండా అది ఆపుతుంది. చవక ఫిల్టర్లలో అది గట్టిపడిపోతుంది, లేదా అసలుండదు. 5 సెకన్లు దాటినా ఎర్ర లైటు ఆరకపోతే ఇంజిన్ ఆపేయండి. పంపు, ఆయిల్ ప్రెషరు చూపించాలి.

అర నిమిషం నుంచి రెండు మూడు నిమిషాలు 'టక టక' గట్టిగా వచ్చి, తెల్ల పొగ, ఇంజిన్ కుదుపు కూడా ఉంటే (రెండో శబ్దం), అది ఆయిల్ జబ్బు కాదు. హీటర్ ప్లగ్గులు, లేదంటే ఇంజెక్టర్లు. హీటర్ ప్లగ్గును ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్ పెట్టి ఐదు నిమిషాల్లో చెప్పేస్తాడు. ఇంజిన్ విప్పే పని లేదు.

ఇంజిన్ వేడెక్కేదాకా మొద్దుగా కొట్టి, తర్వాత పూర్తిగా పోతే, అరిగిన సిలిండర్‌లో పిస్టన్ అటూ ఇటూ ఊగుతుండవచ్చు. వేడికి పిస్టన్ వ్యాకోచించగానే సందు తగ్గి శబ్దం పోతుంది. ఆయిల్ తాగడం, నీలి పొగ లేకపోతే తొందరేమీ లేదు, కనిపెట్టుకుని ఉండండి.

ఇక భయపడాల్సింది ఒకటే (మూడో శబ్దం). ఇంజిన్ కింది భాగం నుంచి 'డబ్ డబ్' అని లోతుగా వస్తూ, వేడెక్కేకొద్దీ, లోడు పడేకొద్దీ పెరిగితే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అయ్యుండొచ్చు. వేడికి ఆయిల్ పలచబడి అరిగిన సందులో నిలవదు కాబట్టి పెరుగుతుంది. ఇంకొక్క లోడు కూడా వేయకండి. కట్టి లాక్కుపోవడమే మంచిది. ఆ ఒక్క ట్రిప్పులో రాడ్ తెగితే ఇంజిన్ మొత్తం పోతుంది.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, వేడెక్కితే తగ్గే శబ్దానికి మీకు టైముంది. వేడెక్కితే పెరిగే శబ్దానికి టైము లేదు.

ఇంకో జాగ్రత్త. పాత బండ్లకు ఇంజెక్టర్ పైపుల నట్లు ఒక్కొక్కటీ వదులు చేసి ఏ సిలిండర్ కొడుతోందో చూసేవాళ్ళు. ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లలో ఆ పని ఎప్పుడూ చేయొద్దు. అక్కడ డీజిల్ 1000 బార్‌కు పైన ఒత్తిడిలో ఉంటుంది. సన్నని చీలిక నుంచి చిమ్మినా చర్మంలోకి దూసుకుపోతుంది, చేయి తీసేయాల్సి రావొచ్చు.

మా బండి సంగతి

మా పికప్ బీఎస్-4 ది. మొన్న చలికాలంలో నిమిషంన్నర పాటు కొట్టేది, తెల్ల పొగ వచ్చేది. ఒక షెడ్డులో వినీ వినగానే "బోరుకొచ్చింది, విప్పాలి" అన్నారు. ఎర్ర లైటు రెండు సెకన్లలో ఆరుతోంది, వేడెక్కాక ఇంజిన్ గడియారంలా తిరుగుతోంది, అలాంటప్పుడు ఎందుకు విప్పాలని ఇంకో మెకానిక్ అన్నకు ఫోన్‌లో తీసిన వీడియో చూపించాను. నాలుగు హీటర్ ప్లగ్గుల్లో రెండు పోయాయి. మార్చాక పొగ, నాకింగ్ పోయాయి. చివర్లో మిగిలిన నాలుగు సెకన్ల టిక్ టిక్, కంపెనీ ఫిల్టర్ వేశాక పోయింది. ఆయిల్ రకం మాత్రం మార్చలేదు. మాన్యువల్‌లో ఉన్నదే పోశాం.

ఆయిల్ ఎలా ఎంచుకోవాలి?

మొదట చూడాల్సింది బండితో ఇచ్చిన మాన్యువల్. పోయిందంటే అదే మోడల్ మాన్యువల్ కంపెనీ వెబ్‌సైట్లో దొరుకుతుంది. అందులో రెండు సంగతులు రాసుకోండి.

ఒకటి, చిక్కదనం అంకె, 15డబ్ల్యూ-40 లాంటిది. కొత్త బండ్లలో 5డబ్ల్యూ-30 కూడా ఉంటుంది. "మన ఎండలకు 30 చాలదు" అని 50 పోయకండి. ఇంజిన్ లోపలి సందులు, పంపు ఆ అంకెకే తయారు చేసి ఉంటాయి. మందం ఆయిల్ పొద్దున్నే ఇంకా ఆలస్యంగా పైకి చేరుతుంది. డీజిల్ కూడా కొంచెం ఎక్కువ తాగుతుంది.

రెండోది, ఏపీఐ గుర్తు. సీ తో మొదలైతే డీజిల్ ఇంజిన్‌కి, ఎస్ తో మొదలైతే పెట్రోల్ ఇంజిన్‌కి. చిన్న బండ్లు ఇప్పుడు పెట్రోల్, సీఎన్‌జీలో కూడా వస్తున్నాయి కాబట్టి చూసుకోండి. సీహెచ్-4 1998లో, సీఐ-4 2002లో వచ్చాయి, సీకే-4 వాటి తర్వాతది. పాత బండికి కొత్త రకం పోస్తే సాధారణంగా ఇబ్బంది లేదు. కొత్త బండికి పాత రకం పోస్తేనే ప్రమాదం. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగ గొట్టానికి మసి పట్టే ఫిల్టర్, డీపీఎఫ్, ఉంటుంది. ఆయిల్ కాలితే మిగిలే బూడిద అందులో పేరుకుపోతుంది, అది మళ్ళీ కాలదు. అందుకే తక్కువ బూడిద మిగిల్చే ఆయిలే వాడాలి. లీటరుకు వంద రూపాయలు మిగిలిందని పాత రకం పోస్తే డీపీఎఫ్‌కే వేలకు వేలు పెట్టాలి.

బ్రాండు కంటే ఈ రెండు గుర్తులు, సీలు, బిల్లు ముఖ్యం. విడి ఆయిల్ కొనొద్దు. ఖాళీ డబ్బాను చిల్లు పొడిచాకే పారేయండి, లేకపోతే అందులోనే నకిలీ నింపి మళ్ళీ మనకే అమ్ముతారు.

ఎప్పుడు మార్చాలి? మన బండ్లు ఇంటి నుంచి చేనికి నాలుగైదు కిలోమీటర్లు పోయి ఆగుతాయి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, తేమ, డీజిల్ ఆయిల్‌లోనే ఉండిపోతాయి. పైగా ఎర్రమట్టి దుమ్ము, ఓవర్‌లోడు. మాన్యువల్‌లో 'కఠిన వాడకం' అని వేరే లెక్క ఉంటుంది, మనకు వర్తించేది అదే. కిలోమీటర్లు తిరగకపోయినా ఏడాదికి ఒకసారి మార్చాలి. బుడ్డల నూర్పిళ్ళ కాలంలో ఎయిర్ ఫిల్టర్ వారానికోసారి చూడండి. దుమ్ము లోపలికి పోతే రింగులు అరుగుతాయి, అప్పుడు ఎంత మంచి ఆయిల్ పోసినా లాభం లేదు.

ఆముదం పోయొచ్చా?

మనవాళ్ళు ఈ మాట నిజంగానే అడుగుతున్నారు. బుడ్డల చేలో ఆముదం మనకు కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమాన ఇంజిన్లలో ఆముదం వాడిన మాట నిజం. క్యాస్ట్రాల్ పేరు కూడా ఆముదం ఇంగ్లీషు పేరు నుంచే వచ్చింది. అయితే ఆ ఇంజిన్లను కొద్ది గంటలకే విప్పి శుభ్రం చేసేవాళ్ళు. వేడికి ఆముదం జిగురుగా మారి రింగులు పట్టేస్తుంది. మన ఆముదం మన పిండికి, ఎద్దుబండి ఇరుసుకి మంచిది. పికప్‌కి వద్దు.

కాలిన ఆయిల్ చేనికి రానివ్వొద్దు

మనకు అన్నిటికంటే ముఖ్యం ఇది. తీసేసిన ఆయిల్‌ని చెదలు పట్టకుండా కంచె గుంజలకు పూయడం, గోమార్లకని పశువులకు రాయడం ఇంకా ఉంది. కాలిన ఆయిల్‌లో క్యాన్సర్ తెచ్చే పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు, అరిగిన లోహాల పొడి ఉంటాయి. వానకు అది మట్టిలోకి దిగుతుంది, మనం ఏళ్ళ తరబడి పెంచిన వానపాములకూ సూక్ష్మజీవులకూ అదే తగులుతుంది. ఆవు ఒళ్ళు నాక్కుంటే కడుపులోకి పోతుంది. మనం జీవామృతానికి వాడేది ఆ ఆవు పేడే కదా. ఒక పాలు కాలిన ఆయిల్ పది లక్షల పాళ్ళ మంచినీటిని చెడగొట్టగలదని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క. మన బోర్లలో ఉన్నవే నాలుగు నీళ్ళు.

2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం కాలిన ఆయిల్ అనుమతి ఉన్న రీసైక్లర్‌కే చేరాలి. ఇంట్లో మార్చుకుంటే పాత ఆయిల్ డబ్బాలోనే పట్టి, సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేయండి. ఆయిల్ డ్రమ్ములు కడిగి జీవామృతానికి వాడొద్దు. గుంజలకు చెదలు పట్టకుండా పాతే భాగాన్ని మంటలో నల్లగా కాల్చండి, లేదా మన దగ్గర దొరికే రాతి కూసాలే నాటండి.

బండిలో ఒక చిన్న పుస్తకం పెట్టుకుని తేదీ, కిలోమీటర్లు, పోసిన ఆయిల్ రకం, ఫిల్టర్ రాసుకోండి. షెడ్డుకి పోయినప్పుడు ఆ పుస్తకం, పొద్దుటి వీడియో చూపించి, "ఏ పరీక్ష చేసి చెబుతున్నావన్నా?" అని అడగండి. మీ బండి శబ్దం వీడియో కింద కామెంట్లలో ఎన్ని సెకన్లు, ఏ రంగు పొగ, లైటు ఎప్పుడు ఆరింది అనే మూడూ రాసి పంపితే, తెలిసినంతవరకు చెబుతాను.