సర్వర్‌కీ ఓ చిత్తు పుస్తకం!

నెలాఖరు. జీతాల రిపోర్టు తీయాలి. ఎంతసేపు చూసినా రాదు. ‘సర్వర్ స్లో అండీ’ అంటారు ఆఫీసులో. ఎవరో వెళ్లి రీస్టార్ట్ చేస్తారు. అంతా చక్కగా నడుస్తుంది... మళ్లీ నెలాఖరు దాకా! మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేచోట ఇలా జరుగుతుంటే ముందుగా చూడాల్సిన వాటిల్లో ఒకటి ‘టెంప్‌డీబీ’.

ఏమిటిది?
లెక్కల పరీక్షలో పక్కన చిత్తుపని చేసుకుంటాం కదా, ఇదీ అలాంటిదే. లక్షల వరసల్ని క్రమంలో పేర్చాలన్నా, రెండు పెద్ద టేబుళ్లను కలపాలన్నా సర్వర్ ముందు మెమరీలోనే ప్రయత్నిస్తుంది. అంచనా తప్పి అది చాలకపోతే మిగతా పనిని డిస్కు మీదున్న టెంప్‌డీబీలోకి తోస్తుంది. వేగం తగ్గేది అక్కడే. ప్రోగ్రామర్లు పెట్టే తాత్కాలిక టేబుళ్లూ అందులోనే ఉంటాయి. టేబుల్ వేరియబుల్ మెమరీలోనే ఉంటుందని చాలామంది నమ్మకం. మామూలుగా దాని చోటూ ఇదే!

అందరికీ ఒక్కటే
ఒక సర్వర్‌లో డేటాబేస్‌లు ఎన్నున్నా చిత్తు పుస్తకం మాత్రం ఒక్కటే. జీతాల క్వెరీ దాన్ని నింపేస్తే స్టోర్స్‌లో బిల్లూ ఆగుతుంది. స్నాప్‌షాట్ ఐసొలేషన్ వాడితే, మారిన వరసల పాత రూపాలూ సాధారణంగా ఇక్కడికే వస్తాయి. ఎవరైనా ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, ముగించకుండా భోజనానికి వెళ్లిపోతే అవి పేరుకుంటూనే ఉంటాయి.

చోటున్నా క్యూ
ఒక్కోసారి ఖాళీ ఉన్నా పని సాగదు. ఫైలులో 8 కేబీ పేజీలుంటాయి. ఏది ఖాళీయో రాసుకునే పేజీలు కొన్నే. వందమంది ఒకేసారి తాత్కాలిక టేబుళ్లు పెడితే అందరూ వాటి దగ్గరే క్యూ కడతారు. అందుకే టెంప్‌డీబీకి ఒకే సైజు ఫైళ్లు కొన్ని పెట్టాలి. 8 కోర్ల వరకూ కోరుకో ఫైలు, అంతకు మించితే 8తో మొదలుపెట్టాలి. 2016 వెర్షన్ నుంచి ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఈ ఏర్పాటు ఉంది.

రీస్టార్ట్‌కు ముందు...
సర్వర్ మొదలైన ప్రతిసారీ టెంప్‌డీబీ కొత్తగా తయారవుతుంది. రీస్టార్ట్‌తో హాయిగా అనిపించేది అందుకే. కానీ దాన్ని నింపిందెవరో చెప్పే ఆధారం కూడా దాంతోనే పోతుంది. ఏ సెషన్ ఎంత చోటు వాడుతోందో చూపే వ్యూలు సర్వర్‌లోనే ఉన్నాయి. ముందు వాటిని చూసి, ఆ క్వెరీని సరిచేయండి. లేదంటే వచ్చే నెలాఖరుకి మళ్లీ ఇదే పాట!