వాయు సిలిండర్లలో సీళ్ళు: కఠిన పరిస్థితులు, పనితీరు, పేర్లు

వ్యాససంగ్రహం:
సంపీడన వాయువుతో పనిచేసే సిలిండర్లలో గాలి బయటికి పోకుండా ఆపే భాగాలన్నిటినీ ‘సీలు’ లేదా ‘వాషరు’ అనే ఒకే మాటతో పిలవడం తెలుగు వాడుకలో కనిపిస్తుంది. అవి వేర్వేరు పనులు చేసే భాగాలు. దుమ్ము, వేడి, తేమ ఎక్కువగా ఉన్న పరిశ్రమల్లో ఈ భేదాన్ని గుర్తించకపోతే లోపం ఎక్కడుందో తేలదు. అల్యూమినియం కర్మాగారంలోని సిలిండరును ఉదాహరణగా తీసుకొని, సీళ్ళ పనితీరును, వాటికి ఉండవలసిన పేర్లను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: వాయు సిలిండరు, పిస్టన్ సీలు, రాడ్ సీలు, తుడుపు వలయం, గైడు వలయం, సాంకేతిక పదజాలం.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో ‘సీలు’ అనగానే ముందుగా స్ఫురించేది కార్యాలయపు ముద్ర. ‘వాషరు’ అంటే బోల్టు కింద వేసే ఇనుప బిళ్ళ, కుళాయిలోని రబ్బరు బిళ్ళ, సైకిలు పంపులోని తోలు గిన్నె కూడా. ఇంటి అవసరాలకు ఈ అస్పష్టత వల్ల పెద్ద ఇబ్బంది లేదు. కర్మాగారంలో ‘సీలు పోయింది’ అని మాత్రమే చెబితే ఏ సీలు, ఎందుకు పోయింది అన్న ప్రశ్నలు మిగిలిపోతాయి. కొత్తది వేసినా అదే కారణంతో అదీ పోతుంది. కాబట్టి ఇక్కడ పేరు పెట్టడం భాషా విషయం మాత్రమే కాదు, రోగనిర్ధారణ వంటిది కూడా.

2. సీలు పనిచేసే సూత్రం:
సైకిలు పంపులోని తోలు వాషరు ఈ సూత్రానికి చక్కని ఉదాహరణ. పిడిని కిందికి నొక్కినప్పుడు గాలి ఒత్తిడికి తోలు గిన్నె అంచు విచ్చుకొని గొట్టపు గోడను అదుముతుంది. పైకి లాగినప్పుడు అంచు ముడుచుకొని గాలిని లోపలికి రానిస్తుంది. అంటే ఆపవలసిన ఒత్తిడే సీలుకు బలాన్ని ఇస్తుంది. నేటి వాయు సిలిండర్లలోని పెదవి సీళ్ళు కూడా ఇదే సూత్రంపై పనిచేస్తాయి.

పరిశ్రమల్లో సాధారణంగా వాడే 6 బార్ల ఒత్తిడి వద్ద, 100 మిల్లీమీటర్ల వ్యాసం గల పిస్టన్‌పై సుమారు 480 కిలోల బరువుకు సమానమైన బలం పనిచేస్తుంది. ఆ బలాన్ని నిలిపి ఉంచేది పలుచని పెదవి. అది గోడను గట్టిగా అదిమితే ఘర్షణ పెరిగి త్వరగా అరుగుతుంది, వదులుగా ఉంటే గాలి పోతుంది. ఈ రెండింటి మధ్య సమతుల్యతే సీలు రూపకల్పనలోని ప్రధాన సమస్య.

3. ఒక సిలిండరు, ఐదు భాగాలు:
అ) పిస్టన్ సీలు: పిస్టన్‌కు ఒకవైపు ఉన్న గాలి రెండోవైపునకు పోకుండా ఆపుతుంది.
ఆ) రాడ్ సీలు: రాడ్ బయటికి వచ్చే చోట గాలి పోకుండా ఆపుతుంది. దీని పెదవి లోపలి ఒత్తిడి వైపు చూస్తుంది.
ఇ) తుడుపు వలయం: దీనిని ‘వైపర్’ అంటారు. దీని పెదవి బయటికి చూస్తుంది. లోపలికి వెళ్ళే రాడ్‌పై ఉన్న దుమ్మును తుడవడం దీని పని. గాలిని ఆపడం కాదు.
ఈ) గైడు వలయం: పక్కనుంచి వచ్చే భారాన్ని భరించి, లోహం లోహాన్ని తాకకుండా చూస్తుంది.
ఉ) కుషన్ సీలు: కదలిక చివర కొంత గాలిని బంధించి పిస్టన్ వేగాన్ని తగ్గిస్తుంది.

చిన్న సిలిండర్లలో రాడ్ సీలు, తుడుపు వలయం ఒకే ముక్కగా రావడం కూడా ఈ భేదం మరుగున పడడానికి ఒక కారణం.

4. కఠిన పరిస్థితికి ఉదాహరణ:
అల్యూమినియం తయారీలో అల్యూమినాను సుమారు 950–960 డిగ్రీల సెల్సియస్ వద్ద ద్రవరూపంలో ఉన్న క్రయొలైట్‌లో కరిగించి విద్యుద్విశ్లేషణ చేస్తారు. ఘటం పైభాగంలో గట్టి పెంకు ఏర్పడుతుంది. కొత్తగా అల్యూమినా వేయడానికి ఆ పెంకును పదేపదే పగలగొట్టాలి. ఘటం పైన అమర్చిన వాయు సిలిండరు ఉలి వంటి మొనతో ఈ పని చేస్తుంది. ఒడిశాలోని దామన్‌జోడిలో తయారై విశాఖపట్నం రేవు మీదుగా విదేశాలకు ఎగుమతి అయ్యే తెల్లని పొడి ఈ అల్యూమినాయే. దాని స్ఫటికరూపమైన కురువిందం మోస్ కాఠిన్యమానంలో 9వ స్థానంలో ఉంది.

ఈ సిలిండరుపై కింది నుంచి వేడి, చుట్టూ రాపిడి కలిగించే ధూళి, ఫ్లోరైడు ఆవిరులు పనిచేస్తాయి. రాడ్‌కు అంటుకున్న పదార్థం గట్టిపడి, తిరిగి వెళ్ళేటప్పుడు లోపలికి రావడానికి ప్రయత్నిస్తుంది. మెత్తని రబ్బరు పెదవి దానిని తుడవలేదు. అందుకే ఇటువంటి చోట్ల ఇత్తడి వంటి లోహంతో చేసిన గీకుడు వలయాన్ని ముందు అమర్చుతారు. అది విఫలమైతే ధూళి రాడ్ సీలును చేరుతుంది. రాడ్‌పై గీతలు పడతాయి. గీతలు పడిన రాడ్ ఆకురాయిలా మారి, కొత్తగా వేసిన సీలునూ అరగదీస్తుంది. పెంకు పగలక అల్యూమినా అందకపోతే ఘటంలో ‘ఆనోడ్ ప్రభావం’ ఏర్పడుతుంది. వోల్టేజి ఒక్కసారిగా పెరిగి విద్యుత్తు వృథా అవుతుంది. వాతావరణానికి హాని చేసే పర్‌ఫ్లోరోకార్బన్ వాయువులు వెలువడతాయి.

5. పదార్థాల ఎంపిక:
సాధారణ సిలిండర్లలో వాడే నైట్రైల్ రబ్బరు సుమారు 80 డిగ్రీల వరకు అనుకూలం. పాలీయురెథేన్ రాపిడికి బాగా నిలుస్తుంది కాని వేడినీటిలో క్షీణిస్తుంది. ఫ్లోరో రబ్బరు సీళ్ళను సుమారు 150 డిగ్రీల వరకు పనిచేసే సిలిండర్లలో వాడతారు. అయితే చలిలో అది బిరుసెక్కుతుంది. టెఫ్లాన్‌కు ఘర్షణ చాలా తక్కువ, 260 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. కాని దానికి సాగి తిరిగి పూర్వరూపం పొందే గుణం తక్కువ. అందువల్ల దాని వెనుక రబ్బరు వలయాన్నో స్ప్రింగునో ఉంచుతారు. ఇ.పి.డి.ఎం. రబ్బరు ఆవిరికి నిలుస్తుంది, ఖనిజ నూనె తగిలితే ఉబ్బిపోతుంది. అన్నిటికీ సరిపోయే పదార్థం లేదు.

గ్రీజును కూడా సీలు వ్యవస్థలో భాగంగానే చూడాలి. తయారీలో పూసిన గ్రీజును గాలిలోని నీరు కడిగివేస్తుంది, వేడి ఎండగడుతుంది. గాలిగొట్టంలో నూనె కలపడం ఒకసారి మొదలుపెడితే ఆపకూడదు. ఆ నూనె మొదటి గ్రీజును తొలగించివేస్తుంది.

6. లక్షణాన్ని బట్టి లోపం:
వాల్వు లోపం కాదని నిర్ధారించుకున్న తర్వాత, పిస్టన్ కదలకుండా ఉన్నప్పుడు వాల్వు నుంచి గాలి పోతుంటే పిస్టన్ సీలును అనుమానించాలి. రాడ్ చుట్టూ గాలి వస్తే రాడ్ సీలును చూడాలి. రాడ్‌పై నిలువు గీతలుంటే తుడుపు వలయాన్ని ముందుగా పరిశీలించాలి. సీలు ఒకవైపే అరిగితే గైడు వలయం గాని, అమరిక గాని కారణం కావచ్చు. కదలిక చివర పెద్ద చప్పుడు వస్తే కుషన్ సీలును, దాని సర్దుబాటు మరను చూడాలి. ఆగి ఆగి కదిలితే గ్రీజు తగ్గిందని అనుమానించవచ్చు.

7. ముగింపు:
కఠిన పరిస్థితుల్లో సీలు మన్నిక అది ఏ పదార్థంతో తయారైందన్న దానిపైనే ఆధారపడదు. తుడుపు వలయం, గైడు వలయం, రాడ్ నునుపు, గాలి పొడితనం, గ్రీజు కలిసి దానిని కాపాడతాయి. ‘సీలు’, ‘పిస్టన్’, ‘రాడ్’ వంటి మాటలు కార్మికుల నోట స్థిరపడ్డాయి. వాటిని సంస్కృత సమాసాలతో మార్చవలసిన అవసరం లేదు. కావలసింది వాటికి ముందు పనిని సూచించే విశేషణాన్ని చేర్చడం, ‘తుడుపు వలయం’, ‘గీకుడు వలయం’ వంటి తేలిక మాటలను పక్కన నిలపడం. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ విద్యార్థుల కోసం తెలుగులో పాఠ్యపుస్తకాలు రాసేవారు, పదకోశాలు కూర్చేవారు ఈ విధానాన్ని పాటిస్తే, మర ముందు నిలబడిన కార్మికుడు లోపాన్ని సరైన పేరుతో చెప్పగలుగుతాడు.