పెరటి నాట్లు - దీపమునకు వచ్చు రెక్కల పురుగులు



బతుకమ్మ పండుగ గడచి, చిత్త, స్వాతి కార్తెలు వచ్చు ఈ దినములు పెరటి కూరగాయలకు మిక్కిలి అనుకూలమైనవి. వంగ, టమాట, గోబి నారులను ఇప్పుడు నాటవచ్చును. మెంతి, పాలకూర, కొత్తిమీర చల్లవచ్చును. నల్లరేగడిలో నీరు నిలుచును గనుక బోదెలు వేసి నాటుట మేలు.

ఈ దినములలోనే రాత్రివేళ ఇంటి దీపముచుట్టు రెక్కల పురుగులు మూగుచుండును. వానిని ఊడ్చి పారవేయుటకు ముందు గుర్తుపట్టుడని మా మనవి. నేడు దీపముకడ వ్రాలిన తల్లిపురుగు గ్రుడ్లు పెట్టినచో, కొలది దినములకే మొక్కలపై పురుగు కనబడును.

1. పొగాకు లద్దెపురుగు: గోధుమరంగు ముందురెక్కలపై తెల్లని అడ్డుగీతలుండును; వెనుకరెక్కలు తెలుపు. సోయా, పత్తి చేలలోను ఇది పెరుగును. ఆకుపై గ్రుడ్లను గుంపుగా పెట్టి నూగుతో కప్పును. 3 మొదలు 5 దినములలో పిల్లలు వెలువడి, గుంపుగా నుండి ఆకును జల్లెడవలె గీకును. అప్పుడే ఆ ఆకును త్రుంచి పూడ్చినచో వందలకొలది పురుగులు ఒక్కసారిగా పోవును.

2. శనగపచ్చ పురుగు: రెక్కలు లేత గోధుమవన్నె, ముందురెక్క నడుమ ఒక నల్లని చుక్క యుండును. ఇది లేతకొనలపైన, పూలపైన ఒక్కొక్క గ్రుడ్డునే పెట్టును గనుక వెదకుట కష్టము. దీనికి బంతి మంచి ఎర. 40 దినముల బంతి నారును, 25 దినముల టమాట నారును ఒకే దినమున, 16 సాళ్ల టమాటకు ఒక సాలు బంతి చొప్పున నాటవలెను. బతుకమ్మకై పెంచిన బంతి యున్నచో పీకివేయక, మొగ్గలలోని పురుగులను ఏరివేయుడు.

3. వంగ తొలుచు పురుగు: చిన్నది, తెల్లని రెక్కలపై గోధుమ మచ్చలుండును. దీనిని దీపముకడకంటె వంగమొక్కకడనే వెదకవలెను. వాడి వ్రాలిన కొమ్మలను వెంటనే త్రుంచి కాల్చుడు.

పురుగు కనబడగానే ఘాటైన మందు చల్లుట వలదు. పెరటి కాయ ఆనాడే మన బిడ్డల పళ్ళెములోనికి వచ్చును గదా! లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు పొడిని రాత్రియంతయు నానబెట్టి, వడగట్టి, కొంచెము సబ్బు కలిపి సాయంకాలము చల్లుడు.

మరియొక మాట. రెక్కలు చాచినచో అరచేయి వెడల్పుండి, ప్రతి రెక్కపైన అద్దపు బిళ్ళవంటి గుండ్రని మచ్చ గల పురుగు దీపముకడ కనబడిన యెడల దానిని చంపకుడు. అది దసలి పట్టు తల్లిపురుగు. రెక్కలు వచ్చిన పిదప అది ఆహారమే తీసుకొనదు. దాని పిల్లలు మద్ది ఆకు తినునవే గాని మన కూరగాయల జోలికి రావు. చెన్నూరు, మహదేవపూరు అడవి ప్రాంతములలో దసలి కాయలపై బ్రతుకు కుటుంబములున్నవి.

సభ్యులు రాత్రి 7 మొదలు 9 గంటలవరకు దీపముకడ చూచి, పురుగు గుర్తును, తేదీని వ్రాసి సంఘమునకు తెచ్చినచో, పొరుగు గ్రామములవారిని ముందుగా హెచ్చరింపగలము.