రోగమునకు ముందే వచ్చు వైద్యులు

ఎం.బి.బి.ఎస్. ముగించి, సామాజిక వైద్యశాస్త్రమున మూడేండ్ల ఎం.డి. శిక్షణకు చేరిన యువ వైద్యులు ఏటేటా గ్రామములకు వచ్చుచున్నారు. "బిళ్ళ ఇయ్యరు, ప్రశ్నలు మాత్రము అడుగుదురు" అని కొందరు విసుగుకొనుట కలదు. ఆ విసుగు సహజమే. కాని వీరి వైద్యమంతయు ఆ ప్రశ్నలలోనే ఉన్నదని మనవి చేయుచున్నాము.

ఒక వీధిలో నలుగురికి వాంతులు, విరేచనములు పట్టుకొన్నవనుకొందము. ఆసుపత్రి వైద్యుడు ఆ నలుగురికి చికిత్స చేయును. ఈ శిక్షణార్థి ఐదవవానికి రోగము సోకకుండ చూడవలెను. అందుచే ఎవరు ఏనాడు జబ్బుపడిరి, ఏ కుళాయి నీరు త్రాగిరి, ఏ విందులో భుజించిరి అని ఇంటింట విచారించును. జబ్బుపడని వారిని సైతము అడుగును. ఎందులకనగా, వారు ముట్టని నీటిని రోగులందరు త్రాగియున్నచో దోషమెక్కడనో తెలియును. 1854లో లండనునందు జాన్ స్నో అను వైద్యుడు ఇట్లే విచారించి, కలరా మరణములు బ్రాడ్ వీధిలోని ఒక చేతిపంపు చుట్టును గుమిగూడుట కనుగొనెను. అధికారులు ఆ పంపు పిడిని ఊడదీయించిరి. రాబర్ట్ కోఖ్ కలరా క్రిమిని గుర్తించినది సుమారు ముప్పదేండ్ల తరువాతనే!

2021లో చేరినవారు మొదలుకొని, ఏ శాఖలో ఎం.డి., ఎం.ఎస్. చదువువారైనను మూడు నెలలు జిల్లా ఆరోగ్య వ్యవస్థలో పనిచేయవలెనను నియమము కూడ వచ్చినది.

వీరు మీ వాకిటికి వచ్చినపుడు జబ్బు మొదలైన దినమును, నీరు తెచ్చుకొను చోటును ఉన్నదున్నట్లు చెప్పుడు. పరువు పోవునని మరుగుదొడ్డి లేని సంగతి దాచువారు కలరు. దానివలన లెక్క తప్పి, క్లోరిన్ వేరొక బావికి పోవును.