టాబ్లెట్‌తో సీఎన్‌సీ నడపొచ్చు, కానీ ఆపే బటన్ మాత్రం వైర్‌తోనే ఉండాలి!

పోయిన ఎపిసోడ్ చూసి చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, ఇంట్లో చిన్న సీఎన్‌సీ రౌటర్ పెట్టుకున్నా. పక్కన కంప్యూటర్ ఉంచితే చెక్క పొట్టుతో నిండిపోతోంది. టాబ్లెట్‌తో కంట్రోల్ చేయొచ్చా?" అని. చేయొచ్చు. నేనూ అలాగే చేస్తున్నా. కాకపోతే ఒక బిట్ విరగ్గొట్టుకున్నాక నాకు తెలిసొచ్చిన విషయం ఒకటుంది.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. చాలా హాబీ మెషిన్లలో జీఆర్‌బీఎల్ లాంటి ఫర్మ్‌వేర్ ఉన్న చిన్న బోర్డు ఉంటుంది. మోటార్లకి పల్స్‌లు ఇచ్చేది అదే. పీసీ చేసేదల్లా యూఎస్‌బీ కేబుల్ మీద జీ-కోడ్ లైన్లు పంపడం. ఇక రిమోట్ డెస్క్‌టాప్‌లో మీ టాబ్లెట్‌కి వచ్చేది ఆ పీసీ స్క్రీన్ బొమ్మ మాత్రమే. మీ టచ్ వెనక్కి పీసీకి వెళ్తుంది.

అంటే వైఫై మధ్యలో పోయినా పీసీ లైన్లు పంపుతూనే ఉంటుంది, మెషిన్ కోస్తూనే ఉంటుంది. చేస్తున్న పని పాడవదు, హ్యాపీ. కానీ అదే టైమ్‌లో మీరు టాబ్లెట్‌లో స్టాప్ నొక్కితే? అది కూడా వెళ్లదు!

నాకు జరిగింది ఇలాంటిదే. జాగ్ బటన్ నొక్కి పట్టుకుని, వేలు తీసేశా. తీసేసిన సంగతి పీసీకి లేటుగా చేరింది. స్పీడ్ నిమిషానికి 1500 మిల్లీమీటర్లు, అంటే సెకనుకి 25. 2 సెకన్ల ల్యాగ్‌కి 5 సెంటీమీటర్లు. బిట్ వెళ్లి క్లాంప్‌ని గుద్దుకుని టప్‌మని విరిగింది. అక్కడ నా చెయ్యి ఉండుంటే?

అందుకే ఇవి గుర్తుపెట్టుకోండి.

ఒకటి, స్పిండిల్‌కి, మోటార్ డ్రైవర్లకి పవర్ కట్ చేసే ఎర్ర ఎమర్జెన్సీ స్టాప్ బటన్‌ని వైర్‌తో పెట్టుకోండి. చెయ్యి చాపితే అందాలి.

రెండు, టాబ్లెట్ నుంచి స్టెప్ జాగే వాడండి. ఒక్కో నొక్కుకి 0.1 లేదా 1 మిల్లీమీటర్ కదిలి ఆగిపోతుంది. ల్యాగ్ ఉన్నా నష్టం లేదు.

మూడు, పీసీలో స్లీప్ ఆఫ్ చేయండి. పీసీ నిద్రపోతే లైన్లు ఆగిపోతాయి, పని సగంలో నిలిచిపోతుంది.

నాలుగు, విండోస్ హోమ్ ఎడిషన్ ఉన్న పీసీకి మైక్రోసాఫ్ట్ రిమోట్ డెస్క్‌టాప్‌తో కనెక్ట్ అవ్వలేరు, ప్రో కావాలి. పైగా మీరు కనెక్ట్ అవగానే పీసీ దగ్గర స్క్రీన్ లాక్ అయిపోతుంది. వీఎన్‌సీ అయితే రెండు చోట్లా ఒకే స్క్రీన్ కనిపిస్తుంది. మెషిన్ పనికి నాకు అదే నచ్చింది.

ఐదు, రౌటర్‌లో 3389 పోర్ట్‌ని ఇంటర్నెట్‌కి తెరవద్దు. ఇంటి వైఫై చాలు. ఆఫీసులో కూర్చుని ఇంట్లో మెషిన్ నడిపేద్దాం అనుకోకండి. మొద్దుబారిన బిట్ వేడికి చెక్క పొట్టు రాజుకుంటే, ఆర్పడానికి అక్కడ ఎవరున్నారు?

టాబ్లెట్ ఉన్నది మీరు పీసీ దగ్గరికి నడిచే పని తప్పించడానికి, మెషిన్ దగ్గర లేకుండా పోవడానికి కాదు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఆ ఎర్ర బటన్ వైరింగ్ చేసి చూపిస్తా. అప్పటిదాకా చేతులు జాగ్రత్త, బై!